పగడాల ట్యాంకులో వదలని జుట్టు నాచు: నీటి గురించి ఒక సందేహం

ప్రశ్న (బరంపురం నుంచి)

సభ్యులందరికీ నమస్కారం. రెండేళ్ళుగా ఇంట్లో 200 లీటర్ల సముద్రపు నీటి ట్యాంకులో మెత్తని పగడాలను, రెండు క్లౌన్ చేపలను పెంచుతున్నాను. దసరా దాటినప్పటి నుంచి లైవ్ రాక్ (బాక్టీరియా నివసించే పగడపు రాళ్ళు) మీద పచ్చని జుట్టు నాచు పట్టుకుంది. ప్రతి ఆదివారం ట్యాంకులోనే టూత్‌బ్రష్‌తో రుద్ది తీస్తున్నాను. గురువారం నాటికి వేలెడు పొడవున మళ్ళీ ఊగుతూ కనిపిస్తోంది. దాని కింద పడి జోయాంథిడ్లు (గుత్తులుగా పెరిగే చిన్న మెత్తని పగడపు జీవులు) నోళ్ళు మూసుకుని ముడుచుకుపోయాయి. లైటును పది గంటల నుంచి ఏడు గంటలకు తగ్గించాను. టెస్ట్ కిట్‌లో నైట్రేట్ 2 పీపీఎం, ఫాస్ఫేట్ 0.02 పీపీఎం మాత్రమే వస్తున్నాయి. ఆవిరైన నీటికి బదులు వంటింటి ఆర్వో నీరు పోస్తాను. వారం వారం మార్చే నీటిని గోపాలపూర్ తీరం నుంచి క్యాన్లలో తెచ్చుకుంటాను. ఇంత తక్కువ పోషకాలతో నాచు ఎలా పెరుగుతోంది? దీన్ని చంపే మందు వేయవచ్చా?

సమాధానం (పర్లాకిమిడి నుంచి)

నమస్కారమండీ. మీ కిట్ సరిగానే చూపిస్తోంది, కానీ అది చెప్పేది నీటిలో మిగిలినదాని గురించే. నాచు అప్పటికే పీల్చుకున్నది ఆ లెక్కలోకి రాదు. అందువల్ల అంకె ఎంత వచ్చిందన్నదాని కన్నా, రోజూ ట్యాంకులోకి ఏమేమి చేరుతున్నాయో ముందుగా చూడాలి.

నా మొదటి అనుమానం వంటింటి ఆర్వో మీదే. తాగే నీటికి రుచి ఉండాలని ఇళ్ళలో బిగించే చాలా యంత్రాలలో టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాలు, ఖనిజాల మొత్తం) కంట్రోలర్ అనే చిన్న వాల్వు ఉంటుంది. అది పొర దాటని నీటిని కొంత తెచ్చి శుద్ధమైన నీటిలో కలుపుతుంది. తాగడానికి అది మంచిదే, పగడాలకు మాత్రం టీడీఎస్ సున్నా ఉన్న నీరే కావాలి. ట్యాంకు నుంచి ఆవిరయ్యేది నీరు ఒక్కటే, అందులో కరిగినవన్నీ అక్కడే ఉండిపోతాయి. మీరు రోజుకు మూడు లీటర్లు పోస్తున్నారనుకుంటే, నెలకు 90 లీటర్ల నీటిలోని సిలికేటు, నైట్రేట్, ఫాస్ఫేట్ ఆ 200 లీటర్లలో పోగుపడుతున్నట్టే. ఒక టీడీఎస్ మీటరు కొని ఆ కుళాయి నీటిని కొలవండి. ఆ వాల్వుకు, మినరల్ కార్ట్రిడ్జ్ ఉంటే దానికి కూడా, ముందే నీటిని పక్కకు మళ్ళించి, రంగు మారే డీఐ రెజిన్ (నీటిలో మిగిలిన లవణాలను పట్టేసే గుళికలు) గుండా పంపించండి. రంగు పూర్తిగా మారేదాకా ఆగకుండా రెజిన్ మార్చేయండి.

రెండవది గోపాలపూర్ నీరు. వానలు మొదలైనప్పటి నుంచి, అవి తగ్గిన కొన్ని నెలల దాకా, నదుల నీరు కలిసి ఉత్తర బంగాళాఖాతం పైపొరలో ఉప్పదనం పడిపోతుంది. గోపాలపూర్‌కు ఉత్తరాన ఋషికుల్య, దక్షిణాన బహుదా పొలాల మీదుగా వచ్చి సముద్రంలో కలుస్తాయి కనుక, ఒడ్డున నింపిన క్యాన్‌లో ఎరువుల అంశ కూడా ఉండే అవకాశం ఉంది. మీ నాచు దసరా తర్వాతే మొదలైందన్న మాట నన్ను ఇటే ఆలోచింపజేస్తోంది. కనీసం వేసవి వరకు డీఐ నీటిలో రీఫ్ సాల్ట్ (పగడాల ట్యాంకుకు వాడే ఉప్పు) కలిపి, ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరులో 35 పీపీటీ (వెయ్యికి 35 వంతులు) చూసుకుని వాడండి.

రుద్దే పద్ధతి కూడా మార్చాలి. ట్యాంకులో రుద్దితే తెగిన పోగులు ప్రవాహంలో కొట్టుకుపోయి మరో రాయి మీద వేళ్ళూనుతాయి. నేను సైఫన్ గొట్టం కొనకు టూత్‌బ్రష్‌ను రబ్బరు బ్యాండుతో కట్టి రుద్దుతాను. ఊడిన ప్రతి పోగూ నీటితో పాటే బకెట్‌లోకి జారిపోతుంది. ఫ్రోజెన్ మేతను కరిగించి, టీ జాలిలో వడకట్టి, ఆ నీటిని పారబోసి వేయండి.

మందు ఇప్పుడు వద్దు. చచ్చిన నాచు కుళ్ళి, తనలో దాచుకున్నదంతా నీటిలోకే వదిలి, తర్వాతి నాచుకు ఎరువవుతుంది.

ప్రశ్నించిన సభ్యులు (నాలుగు రోజుల తర్వాత)

మీటరు తెచ్చి చూశానండీ, ఆర్వో కుళాయి దగ్గర 74 వచ్చింది. క్యాన్ నీరు 35కు బదులు 29 పీపీటీ మాత్రమే ఉంది. పాత రాళ్ళన్నీ తీసేసి సముద్రం నుంచి కొత్తవి తెచ్చుకుంటే త్వరగా తగ్గుతుందా? ఫాస్ఫేట్ పీల్చే జీఎఫ్ఓ కూడా వేయమంటారా?

సమాధానం (పర్లాకిమిడి నుంచి)

రాళ్ళు మార్చకండి. వాటిలోని బాక్టీరియా పోతే అమ్మోనియా పెరిగి చేపలకు ప్రాణం మీదికి వస్తుంది. సముద్రం నుంచి పగడపు రాయి తీయడం చట్టరీత్యా నేరం కూడా. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో దిబ్బలు కట్టే పగడాలను 2001లో చేర్చారు.

పాత రాళ్ళు పట్టి ఉంచిన ఫాస్ఫేట్‌ను మెల్లమెల్లగా వదులుతాయి కనుక నీరు బాగుపడ్డాక కూడా రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి. జీఎఫ్ఓను డబ్బా మీద రాసిన కొలతలో నాలుగో వంతుతో మొదలుపెట్టి వారానికోసారి కొలవండి. ఫాస్ఫేట్ సున్నాకు దిగితే పగడాలు పాలిపోతాయి, బుడగలు పట్టిన గోధుమరంగు జిగురులా డైనోఫ్లాజెలేట్లు అనే ఏకకణ జీవులు వస్తాయి. వాటిని వదిలించడం ఈ నాచు కంటే కష్టం. ఉప్పదనాన్ని కూడా ఒక్కసారిగా పెంచకుండా, ముందు ట్యాంకు నీటిని కొలిచి, తక్కువుంటే రోజుకు ఒక పీపీటీకి మించకుండా సరిచేయండి. జోయాంథిడ్లు పూర్తిగా విచ్చుకోవడం మొదలయ్యాక లైటును వారానికి అరగంట చొప్పున పెంచవచ్చు.