పోలాండ్ వీసా ఉంటే యూరప్ అంతా పని చేసుకోవచ్చా? అసలు అక్కడి జనానికి ఈ రాకపోకల మీద కోపం ఎందుకు?

లంకల ఆడపడుచు:
అందరికీ నమస్కారం అండి. మాది రాజోలు దగ్గర లంక ఊరు. మా తమ్ముడికి పోలాండ్‌లో గోడౌన్ పని ఇప్పిస్తానని ఒక ఏజెంటు 5 లక్షలు అడుగుతున్నాడు. మొదట ఇంట్లో ఎవరికీ ఇష్టం లేదు. కానీ "యూరప్ అంతా ఇప్పుడు ఒకటేనమ్మా, పోలాండ్‌లో కాలు పెడితే చాలు, ఆర్నెల్లు చేసి జర్మనీ వెళ్ళిపోవచ్చు, మధ్యలో ఆపేవాడే ఉండడు" అని ఆయన చెప్పాక మా నాన్నగారు కొబ్బరితోటలో 20 సెంట్లు అమ్మడానికి సిద్ధపడిపోయారు. శుక్రవారం బయానా తీసుకుంటారట. నాకు చాలా టెన్షన్‌గా ఉంది. ఆయన చెప్పింది నిజమేనా? ఇంకోటి, బ్రిటన్ వాళ్ళు ఈ రాకపోకలు నచ్చకే యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి వచ్చేశారని చదివాను. పక్క దేశంవాళ్ళనే వద్దన్నారంటే మావాణ్ణి ఎలా చూస్తారు? అక్కడ ఉన్నవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి.

రైన్ ఒడ్డు:
అక్కా, ముందు ఆ బయానా ఆపించండి. మాది అమలాపురం, జర్మనీలో తొమ్మిదేళ్ళుగా ఉంటున్నాను.

ఏజెంటు రెండు వేరువేరు సంగతుల్ని కలిపేసి చెప్తున్నాడు. సరిహద్దులో గేటు లేకపోవడం ఒకటి, దాన్నే షెంగెన్ అంటారు. ఏ దేశానికైనా వెళ్ళి పని చేసుకునే హక్కు ఇంకొకటి, అది యూరోపియన్ యూనియన్‌లోని 27 దేశాల పౌరులకి, వాళ్ళతో ఒప్పందం ఉన్న నార్వే, ఐస్‌లాండ్, లీచ్టెన్‌స్టెయిన్, స్విట్జర్లాండ్ వాళ్ళకి. 1957 రోమ్ ఒప్పందంలో కార్మికుల కోసం మొదలైన హక్కు అది. మన పాస్‌పోర్టుకి వర్తించదు. పోలాండ్ వర్క్ వీసాతో మీ తమ్ముడు జర్మనీ చూసి రావచ్చు, 180 రోజుల్లో 90 రోజుల వరకు. పని మాత్రం చేయకూడదు. అనుమతి లేకుండా పని చేస్తూ దొరికితే వెనక్కి పంపేస్తారు, మళ్ళీ షెంగెన్ దేశాల్లో ఎక్కడా అడుగు పెట్టకుండా కొన్నేళ్ళు నిషేధం కూడా పడొచ్చు. బ్లూ కార్డు ఉన్నవాళ్ళు 12 నెలల తర్వాత వేరే దేశానికి మారే దారి ఉంది కానీ అది పెద్ద చదువు, పెద్ద జీతం ఉద్యోగాలకి, గోడౌన్ పనికి రాదు. "ఆపేవాడే ఉండడు" అన్నది కూడా తప్పే. 2024 సెప్టెంబర్ నుంచి జర్మనీ అన్ని వైపులా సరిహద్దు తనిఖీలు పెట్టింది, పోలాండ్ వైపు నుంచి వస్తుంటే మా బస్సు ఆపి ఒక్కొక్కరి కాగితాలు చూశారు.

ఇక జనం సంగతి. యూరోబారోమీటర్ అని అక్కడ ఎప్పటినుంచో చేస్తున్న సర్వే ఉంది. యూనియన్ వల్ల జరిగిన మంచి ఏమిటంటే శాంతి, ఈ రాకపోకల స్వేచ్ఛ, ఈ రెండే ఏళ్ళ తరబడి మొదటి వరసలో వస్తున్నాయి. కానీ ఇదే జర్మనీ 2004లో పది కొత్త దేశాలు చేరినప్పుడు, పోలాండ్ వాళ్ళు వచ్చి కూలి రేట్లు పడగొట్టేస్తారన్న భయంతో, ఆస్ట్రియాతో కలిసి 2011 దాకా పనివాళ్ళకి తలుపు పూర్తిగా తీయలేదు. తమ పిల్లలు స్పెయిన్‌లో చదవాలి, తాము ఇటలీలో స్థిరపడాలి అనుకునే మనిషే ఎదురు ఫ్లాట్‌లో కొత్తవాళ్ళు దిగితే అద్దెలు పెరిగిపోతాయని కంగారు పడతాడు. మా ఆఫీసులో రెండు మాటలూ ఒకే మనిషి నోట విన్నాను.

పాలకొల్లు నర్సు:
నేను ఇంగ్లండ్‌లో, లింకన్‌షైర్‌లో పని చేస్తున్నానండి. మాకు దగ్గరలోనే బోస్టన్ అనే ఊరు. యూనియన్‌లో ఉండాలా వద్దా అన్న 2016 బ్రెగ్జిట్ ఓటింగ్‌లో దేశం మొత్తం మీద బయటికి పోదామన్నవాళ్ళు 51.9 శాతమైతే ఆ ఊళ్ళో 75.6 శాతం. చుట్టూ కాలిఫ్లవర్, క్యాబేజీ పొలాలు. కోతకి, ప్యాకింగ్‌కి పోలాండ్, లిథువేనియా, లాత్వియా వాళ్ళు వచ్చారు. 2004లో బ్రిటన్, ఐర్లాండ్, స్వీడన్ మాత్రమే మొదటి రోజు నుంచే తలుపు తీశాయి, దాంతో అందరూ ఇటే వచ్చారు. ఏడాదికి 5 వేల నుంచి 13 వేల మంది పెరుగుతారని ప్రభుత్వం చేయించిన అంచనా, అన్ని దేశాలూ తలుపులు తీస్తాయనుకుని వేసినది. 2011 జనాభా లెక్కలు చూస్తే ఇంగ్లండ్, వేల్స్‌లో పోలాండ్‌లో పుట్టినవాళ్ళే 5 లక్షల 79 వేలు. 

నేను చూసినంతవరకు కోపం అంతా మనుషుల మీద కాదండి. మా వార్డులో ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని చెప్పింది, "వచ్చినవాళ్ళు కష్టపడతారమ్మా, కానీ ఊరు రెట్టింపయితే డాక్టర్లని ఎందుకు పెంచలేదు, బళ్ళు ఎందుకు కట్టలేదు, ఒక్క ఇంట్లో పదిమందిని కుక్కి అద్దె తీసుకునేవాణ్ణి ఎవరూ ఎందుకు అడగలేదు" అని. ఆవిడ మాటలో న్యాయం ఉంది. లండన్‌లో ఇంతకంటే ఎంతో ఎక్కువమంది విదేశీయులున్నారు, అక్కడ మాత్రం దాదాపు 60 శాతం ఉండిపోదామనే ఓటేశారు. అలవాటైన చోట భయం తక్కువ, నాలుగైదేళ్ళలో ఊరు మారిపోయిన చోట ఎక్కువ. జీతాలు పడిపోయాయా అంటే, 2018లో ప్రభుత్వ సలహా కమిటీ రిపోర్టు మొత్తం మీద ప్రభావం స్వల్పమే అంది, బాగా తక్కువ జీతాల వాళ్ళ మీదే కొంత పడి ఉండొచ్చని కూడా అంది. ఆ కొంత పడినవాళ్ళకి అది కొంత కాదు కదండీ.

2020 డిసెంబర్ 31తో బ్రిటన్‌లో ఆ రాకపోకల హక్కు పోయింది. ఇప్పుడు పొలాలకి ఆరు నెలల వీసా మీద మనుషుల్ని తెస్తున్నారు. స్పెయిన్‌లో స్థిరపడదామనుకున్న ఇక్కడి ముసలివాళ్ళకి కూడా మనలాగే 90 రోజుల లెక్క వచ్చింది. నేను స్పాన్సర్ వీసా మీద ఉన్నాను, ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకో స్పాన్సర్‌ని వెతుక్కోవాలి. నాతో పని చేసే రొమేనియా అమ్మాయి బ్రెగ్జిట్‌కి ముందే వచ్చింది కాబట్టి నచ్చకపోతే రేపే మానేసి ఇంకో చోట చేరగలదు. మా ఇద్దరి పనీ ఒకటే.

మామిడికుదురు కుర్రాడు:
నర్సు అక్కగారు చెప్పిన చివరి మాట మా అమ్మ జీవితం. నాకు ఏడేళ్ళప్పుడు అమ్మ ఖద్దామా వీసా మీద, అంటే ఇంటి పనికి, కువైట్ వెళ్ళింది. పాస్‌పోర్టు ఇంటి యజమాని బీరువాలో, ఇల్లు మారాలంటే కఫీల్, అంటే వీసా ఇప్పించిన ఆ యజమానే, ఒప్పుకోవాలి. మా అమ్మమ్మ పోయినప్పుడు కూడా పంపలేదు. పదకొండేళ్ళు అక్కడే చేసింది. మా పెంకుటిల్లు డాబా అయింది, చెల్లి పెళ్ళి అయింది, అదీ నిజమే.

యూరప్‌లో రొమేనియా ఆడవాళ్ళు ఇటలీ వెళ్ళి ముసలివాళ్ళని చూసుకునే పని చేస్తారు, బదాంతే అంటారు వాళ్ళని. పిల్లలు ఊళ్ళో అమ్మమ్మల దగ్గర. వాళ్ళ గురించి చదువుతుంటే మా వీధి గురించి చదివినట్టుంది. 1990 ప్రాంతంలో 2 కోట్ల 30 లక్షలున్న రొమేనియా జనాభా 2021 లెక్కల్లో 1 కోటి 90 లక్షలు. పుట్టేవాళ్ళు తగ్గడం కూడా ఉంది కానీ వెళ్ళిపోయినవాళ్ళదే పెద్ద వాటా. అందుకే రాకపోకల గురించి మాట్లాడేటప్పుడు వచ్చిన ఊరి కోపం ఒక్కటే చూస్తే చాలదు, ఖాళీ అయిన ఊరి సంగతీ అడగాలి. అయినా ఒక తేడా ఉంది, ఆ తల్లి సెలవు దొరికితే బస్సెక్కి ఇంటికి రాగలదు, యజమాని చెడ్డవాడైతే మారిపోగలదు. మా అమ్మకి ఆ రెండూ ఉంటే నేను పదకొండేళ్ళు ఫోన్‌లో పెరిగేవాణ్ణి కాదు.

అక్కా, ఏజెంటుకి లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వం ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూడండి. లైసెన్సు ఉన్నవాళ్ళు కూడా సర్వీసు చార్జీ కింద 30 వేలు, దాని మీద జీఎస్టీ మాత్రమే తీసుకోవాలి. 5 లక్షలు అడిగాడంటేనే అనుమానించాలి.

ఉండి రైతు:
ఆయ్, నేను వ్యవసాయం చేసేవాణ్ణి, యూరప్ చూడలేదు. కానీ ఇక్కడ జరిగేది చూస్తున్నాను. సార్వా ఊడ్పులకి మాకిప్పుడు బెంగాల్ కుర్రాళ్ళు వస్తున్నారు, ఎకరానికింత అని మేస్త్రీతో బేరం, తెల్లారకుండానే చేలో ఉంటారు. రొయ్యల ప్లాంట్లలో, చెరువుల మీద ఒడిశా వాళ్ళు. నాకు పని జరుగుతోంది, కానీ మా పాలేరు భార్య "మా ఊడ్పులు వాళ్ళకిచ్చేశారు, మరి మేం ఏం తినాలి బాబూ" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. బోస్టన్‌లో ఓటేసినవాళ్ళది కూడా ఇదే ప్రశ్న అయ్యుంటుంది. ఆ కుర్రాళ్ళని తిట్టేవాళ్ళు కూడా ఉన్నారు ఊళ్ళో, అది నాకు బాధ. మన తాతలు కాకినాడలో స్టీమరెక్కి రంగం, అదే బర్మాలో రంగూన్, పోలేదా? అక్కడ రేవులో మూటలు మోసిన తెలుగువాళ్ళని కోరంగీలనేవారు. 1930లో కూలీ పని ఎవరిదన్న గొడవ మీదే వాళ్ళని నరికారు. మా తాతగారి పెద్దన్నగారు వెళ్ళి మరి రాలేదు.

కరోనాలో సరిహద్దులన్నీ మూసేసినా జర్మనీవాళ్ళు తోటకూర కాడలాంటి ఆస్పరాగస్ కోతకి రొమేనియా నుంచి విమానాల్లో కూలీలని రప్పించుకున్నారు. అప్పుడు మాకూ కోతలకి మనిషి దొరకలేదు కాబట్టి గుర్తుండిపోయింది.

యానాం నుంచి:
చిన్న సంగతి. ఎదుర్లంక వంతెన దాటితే పుదుచ్చేరి పోయి ఆంధ్ర వస్తుంది, పెట్రోలు ధర మారుతుంది, ఎవరూ పాస్‌పోర్టు అడగరు. 1985లో షెంగెన్ ఒప్పందం కూడా ఇలాగే మోజెల్ నది మీద పడవలో సంతకాలు చేశారు, అయిదు దేశాలు. మా ఊళ్ళో ఫ్రెంచి పౌరసత్వం ఉన్న కుటుంబాలు కొద్దిగా ఉన్నాయి, యానాం లాంటి ఊళ్ళని ఫ్రాన్స్ మన దేశానికి అప్పగించిన ఒప్పందం 1962లో అమల్లోకి వచ్చినప్పుడు పెద్దవాళ్ళు ఎంచుకున్నది. నా స్నేహితుడు అలా ఫ్రాన్స్ వెళ్ళి, అక్కడినుంచి బెల్జియం వెళ్ళి పని చేస్తున్నాడు, ఏ వీసా అడగలేదు. వాడూ నేనూ ఒకే బడి, ఒకే బెంచీ. నేను రెండుసార్లు అప్లై చేశాను, రెండుసార్లూ రాలేదు.

లంకల ఆడపడుచు:
అందరికీ చాలా థాంక్స్ అండి. ఇవన్నీ నాన్నగారికి చదివి వినిపించాను. మామిడికుదురు తమ్ముడు రాసింది విన్నాక కాసేపు ఏమీ మాట్లాడలేదు, మా పిన్ని కూడా మస్కట్‌లో ఉంది. ఏజెంటుని లైసెన్సు నంబరు అడిగితే "రేపు చెప్తా" అన్నాడు, మూడు రోజులైంది. బయానా ఆగింది. తమ్ముడు మాత్రం నాతో మాట్లాడడం లేదు. వాడికి 23 ఏళ్ళు, డిగ్రీ చదివి చెరువుల మీద మేత చల్లుతున్నాడు, వాడి కోపం నాకు అర్థమవుతోంది. జర్మనీ తమ్ముడూ, అక్కడ ఐటీఐ లాంటి ట్రైనింగులో చేరి నేర్చుకుంటూ జీతం తీసుకోవచ్చంటారు కదా, దానికి భాష ఏ లెవెల్ రావాలి, ఎక్కడ నేర్చుకోవాలి, వీలైతే రాయండి. వాడి చేత చదివిస్తాను.