పప్పుచారులో సాంబారు పొడి వేస్తే అది పప్పుచారేనా?

పటమట ఇల్లాలు, విజయవాడ:
నిన్న మా ఆడపడుచు వచ్చి, పొయ్యి మీద మరుగుతున్న పప్పుచారులో నన్ను అడక్కుండానే రెండు చెంచాల సాంబారు పొడి కలిపేసింది. "ఇప్పుడు రుచొచ్చింది చూడు వదినా" అంది. అందరూ బాగుందనే తిన్నారు, కాదనను. కానీ అది పప్పుచారు కాదు. కందిపప్పు మెత్తగా ఉడికించి మెదిపి, చింతపండు పులుసు పోసి, ములక్కాడలు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి మరగనిచ్చి, ఆవాలు, మెంతులు, జీలకర్ర, ఎండుమిర్చి, దంచిన వెల్లుల్లి, కరివేపాకు, ఇంగువతో తిరగమోత పెడితే అదీ పప్పుచారు. ధనియాలూ శనగపప్పూ వేయించి కొట్టిన పొడి పడిందా, సాంబారే. మీరేమంటారు?

బ్రాడీపేట, గుంటూరు నుంచి:
నేను ఒప్పుకోనండి. మా అమ్మమ్మ పది మందికి వండేది. పప్పు తక్కువ పడిన రోజు ఒక చెంచా పొడి నీళ్లలో కలిపి పోసేది, అందులో శనగపప్పు ఉంటుంది కాబట్టి చారు చిక్కబడేది, ఎవరికీ తక్కువ కాలేదు. దాన్ని మేమంతా పప్పుచారనే తిన్నాం. కందిపప్పు ధర చూస్తూ కూడా పొడి తప్పంటే ఎలా?

మంగళగిరి:
పొడి సంగతి తర్వాత, ముందు పప్పు ఉడుకుతోందా చూసుకోండి. చాలామంది పప్పుతోపాటే చింతపండు వేసేస్తారు. పులుపు తగిలితే గింజ మెత్తబడదు, ఎన్ని విజిల్స్ వచ్చినా పలుకుగానే ఉంటుంది. బోరు నీళ్లలో కాల్షియం ఎక్కువుంటే కూడా అంతే. మా ఇంట్లో ఏళ్ల తరబడి ఇదే బాధ, చివరికి తాగే నీళ్లతో పప్పు ఉడికించడం మొదలుపెట్టాక తీరింది. పప్పు ఉడక్క చారు పల్చగా తేలితేనే పొడి మీదకి చెయ్యి పోతుంది.

పటమట ఇల్లాలు:
మంగళగిరి వారూ, నేను చెప్పాలనుకుని చెప్పలేకపోయింది ఇదే! గ్లాసు పప్పు అరగంట నానబెట్టి, మూడు గ్లాసుల నీళ్లతో ఉడికించి, వేడి మీదే మెదిపి, అప్పుడు నిమ్మకాయంత చింతపండు పులుసు పోస్తే చిక్కదనం దానంతటదే వస్తుంది. బ్రాడీపేట గారూ, మీ అమ్మమ్మగారు పొడి వేసింది ఇంట్లో అందరికీ సరిపోవాలని, దానికి దణ్ణం పెడతాను. నా అభ్యంతరం పప్పు నిండుగా ఉన్న చారులో కూడా కలపడం గురించి. ధనియాల వాసన వచ్చాక వెల్లుల్లి, ఇంగువ ఎక్కడ తెలుస్తాయి? నూనెలో ఇంగువ పొంగి, ఆ పోపు చారులో పడి చుయ్యిమని, వెంటనే మూత పెట్టామంటే, ఆ వాసన కోసమే కదా ఇంత చేసేది.

బ్రాడీపేట నుంచి:
సరే, పప్పు నిండుగా ఉన్నప్పుడు పొడి అక్కర్లేదు, అంతవరకు మీ మాటే. తిరగమోతలో మా తేజ మిరపకాయలు వేసేట్టయితే రెండు చాలు, ఘాటెక్కువ. కానీ మీ విజయవాడలో కొందరు బెల్లం ముక్క వేస్తారు చూడండి, అది మాత్రం నేను చచ్చినా ఒప్పుకోను.

పటమట ఇల్లాలు:
బెల్లం మేమూ వేస్తామండి, ఉసిరికాయంత. పులుపు ఎక్కువైన రోజు వేసి చూడండి, తర్వాత మాట్లాడదాం.