డ్యూక్ 390నే మెరుగుపరచుకోవాలా, ట్రాక్ కోసం వేరే బండి కొనాలా?

ముత్తుకూరు రోడ్డు:
నా దగ్గర 373 సీసీ ఇంజను ఉన్న పాత తరం కేటీఎం 390 డ్యూక్ ఉంది. నెల్లూరు నుంచి కృష్ణపట్నం పోర్టు వైపు రోజూ ఉద్యోగానికి దీని మీదే వెళ్తాను. ట్రాక్ డే (సొంత బండిని రేసు ట్రాక్‌పై నడపనిచ్చే రోజు) ఉన్నప్పుడు శ్రీపెరుంబుదూరు దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్‌కు కూడా దీన్నే నడుపుకుంటూ పోతున్నాను. లక్షన్నర వరకు ఖర్చు పెట్టగలను. సస్పెన్షన్, రియర్‌సెట్లు (వెనక్కి, పైకి జరిపి బిగించే కాలి పెగ్గులు), ఎగ్జాస్ట్ మార్పించడం మేలా, లేక కేటీఎం వారిదే రేసు బండి రూపంలో ఉండే పాత ఆర్‌సీ 390 కొని ట్రాక్‌కే కేటాయించడం మేలా? ఇంట్లో రెండో బండికి చోటుంది గానీ ఒప్పుకోలు ఇంకా రాలేదు.

ఒంగోలు నుంచి:
ముందు తిరుగు ప్రయాణం సంగతి చూసుకోండి. ట్రాక్‌లో పడితే మీకు దెబ్బ తగలకపోయినా బ్రేక్ లివరో, హ్యాండిల్‌బారో వంగిపోతుంది. ఆ బండి మీదే తడ, సూళ్లూరుపేట మీదుగా నెల్లూరు చేరుకోవాలి, సోమవారం ఉద్యోగానికీ వెళ్లాలి. ఈ భయం మనసులో ఉన్నంతకాలం మలుపుల్లో బ్రేకు ముందే పడుతుంది. పైగా మన బీమా పాలసీల్లో రేసింగుకూ వేగ పరీక్షలకూ రక్షణ ఉండదు. ఎగ్జాస్ట్ విషయానికి వస్తే, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. నా మటుకు నేను వేరే బండికే ఓటు వేస్తాను.

కావలి వర్క్‌షాప్:
అసలు చిక్కు సస్పెన్షన్ దగ్గర వస్తుంది. పోర్టు లారీలు తిరిగే రోడ్డుకు అనువైన మెత్తని స్ప్రింగు ట్రాక్‌లో గట్టిగా బ్రేకు వేసినప్పుడు ముందుకు కుంగిపోతుంది. ట్రాక్‌కు తగిన గట్టి స్ప్రింగు వేస్తే రోజూ నడుమునొప్పే. టైర్లదీ ఇదే కథ: హైవే మీద నిటారుగా పోయి పోయి నడిమి భాగం చదునుగా అరిగిన టైరు మలుపులో వాలేటప్పుడు తడబడుతుంది. ఇంజనును చల్లబరిచే, గ్లైకాల్ అనే రసాయనం కలిసిన కూలెంటును అనుమతించని ట్రాక్‌లో దాన్ని తీసి డిస్టిల్డ్ వాటర్ నింపాలి. ఆ నీరు కూలెంటు కంటే తక్కువ వేడికే మరుగుతుంది, దానితోనే మన ఎండల్లో రోజూ తిరిగితే లోపల తుప్పూ పడుతుంది, కాబట్టి తిరిగి వచ్చాక మళ్లీ మార్చాలి. అద్దాలు విప్పడం, లైట్లకు టేపు అంటించడం, ఆయిల్ డ్రెయిన్ బోల్టుకు తీగ కట్టడం సరేసరి.

అయితే ఏడాదికి ఒకటి రెండు సార్లే వెళ్లేవారైతే రెండో బండి దండగ. డ్యూక్‌కే మంచి టైర్లు, బ్రేక్ ప్యాడ్లు, కొత్త బ్రేక్ ఫ్లూయిడ్ వేయించండి. డాట్ 4 రకం బ్రేక్ ఫ్లూయిడ్ మరిగే ఉష్ణోగ్రత కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీలు. తేమ పీల్చుకున్నాక అది 155 దాకా దిగజారవచ్చు, సముద్రతీరం గాలి మనకు ఎలాగూ తేమగానే ఉంటుంది. ఎగ్జాస్ట్‌ను చివరికి వదిలేయండి, ఎందుకంటే దానికి పెట్టిన సొమ్ము అమ్మేటప్పుడు తిరిగి రాదు.

గూడూరు 390:
ఆర్‌సీ కొనేటట్లయితే ఫెయిరింగ్ (బండి చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగు) పగిలిన బండినే వెతకండి, బేరం బాగా కుదురుతుంది. ఫ్రేమూ ఫోర్కులూ మాత్రం వంకర లేకుండా ఉండాలి. 373 సీసీ ఆర్‌సీకీ మీ డ్యూక్‌కూ ఇంజను ఒకటే కనుక క్లచ్ ప్లేట్ల వంటి సామాను రెండింటికీ పనికొస్తుంది. రిజిస్ట్రేషన్ మీ పేరుకు మార్పించుకోవడం మరవకండి. దాన్ని ట్రాక్‌కు చేర్చే టాటా ఏస్ బాడుగను నెల్లూరు వైపు నుంచి వచ్చే మరో ఇద్దరితో పంచుకోవచ్చు. ట్రాక్‌లో వేసుకునే తోలు సూట్ ఇంకా కొనకపోయి ఉంటే, ఆ లక్షన్నరలోంచి మొదట దాని ఖర్చు తీసేసి మిగిలినదానితో లెక్క వేయండి.

ముత్తుకూరు రోడ్డు:
ఇప్పటిదాకా సూట్ అద్దెకే తెచ్చుకుంటున్నాను, ఇక కొనాలి కాబట్టి లెక్క మారింది. ఈ ఏడాదికి సూటు, టైర్లు, ప్యాడ్లు, ఫ్లూయిడ్ మాత్రమే. ఈలోగా ఫెయిరింగ్ పగిలిన ఆర్‌సీ ఎవరికైనా కనబడితే దయచేసి ఇక్కడ తెలపండి.