7.2 వోల్టుల స్థానంలో 7.4 వోల్టుల బ్యాటరీ పెట్టవచ్చా?

పాతకటకం:
నా కెమెరాతో వచ్చిన కెనాన్ ఎల్‌పీ-ఈ6ఎన్ బ్యాటరీ మీద 7.2 వోల్టులు, 1865 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్-అవర్లు, అంటే ఎంత చార్జ్ పడుతుందనే లెక్క) అని ఉంది. అదే ఆకారంలో వేరొకరు తయారుచేసిన బ్యాటరీ మీద 7.4 వోల్టులు, 2400 ఎంఏహెచ్ అని రాశారు. ఆ 0.2 వోల్టుల తేడా వల్ల కెమెరాకు హాని ఉంటుందా? ఇది నిజంగానే ఎక్కువసేపు పనిచేస్తుందా?

నీలినీడ:
వద్దండి. 7.2 అని నిర్దేశించిన చోట 7.4 పెట్టడం కోరి తెచ్చుకునే తంటా. నేను కొన్న చవక బ్యాటరీ ఉబ్బిపోయి కెమెరాలోనే ఇరుక్కుంది; దాని మీదా 7.4 అనే ఉంది.

మూడోకన్ను:
నీలినీడ గారూ, ఉబ్బడానికి ఆ అంకె కారణం కాదు. ఈ బ్యాటరీలలో సిరీస్‌లో, అంటే వోల్టేజీలు కూడేలా ఒకదాని వెనక ఒకటిగా కలిపిన రెండు లిథియం-అయాన్ సెల్స్ ఉంటాయి. ఒక్కో సెల్ నామమాత్రపు వోల్టేజీని కొందరు 3.6 అనీ, కొందరు 3.7 అనీ రాస్తారు కనుక మొత్తం 7.2 లేదా 7.4 అవుతుంది, నికాన్ ఈఎన్-ఈఎల్15 మీదైతే 7.0 అని ఉంటుంది. మీ ఒరిజినల్ బ్యాటరీ కూడా పూర్తిగా నిండినప్పుడు దాదాపు 8.4 వోల్టులు ఇస్తుంది, కెమెరా దానిని నిత్యం తట్టుకుంటూనే ఉంది. ఒకే సెల్ ఉన్న 3.7 వోల్టుల బ్యాటరీకి బదులు 7.4 పెట్టడమైతే నిజంగా ప్రమాదమే.

నీలినీడ:
మీ లెక్కలు బాగానే ఉన్నాయి, నా కెమెరా మరమ్మతు ఖర్చు ఆ లెక్కలలో ఎక్కడ ఉంది?

వెలుగురేఖ:
వోల్టేజీ సంగతి అలా ఉంచండి. ఆ 2400 నిజమేనా?

సెలయేరు:
నిజమే, నేను స్వయంగా కొలిచాను. అలాంటి బ్యాటరీనే పూర్తిగా ఖాళీ చేసి, యూఎస్‌బీ చార్జర్‌కు ముందు మీటరు తగిలించి నింపితే సరిగ్గా 2400 ఎంఏహెచ్ చూపింది.

మూడోకన్ను:
మీ వాదనను మీ మీటరే కొట్టివేసింది. అది కొలిచింది 5 వోల్టుల యూఎస్‌బీ నుంచి చార్జర్‌లోకి వెళ్లిన కరెంటును. 2400 ఎంఏహెచ్ అంటే 2.4 ఆంపియర్-అవర్లు; 5ని 2.4తో హెచ్చిస్తే 12 వాట్-అవర్లు, అంటే అసలు వెళ్లిన శక్తి. చార్జర్‌లో వేడిగా పోయేదాన్ని లెక్కలోకి తీసుకోకపోయినా, 12ను 7.4తో భాగిస్తే బ్యాటరీలోకి చేరింది సుమారు 1620 ఎంఏహెచ్ మాత్రమే. లేబుల్ నిజమైతే 17.76 వాట్-అవర్లు పట్టాలి, అంటే మీ మీటరు 3550కి పైగా చూపాలి. ఒరిజినల్‌కే 13.4 వాట్-అవర్లు ఉంటాయి కనుక, దానిని నింపినా 2700 దాటుతుంది. వేర్వేరు వోల్టేజీల దగ్గర ఎంఏహెచ్‌లను పోల్చకూడదు.

సెలయేరు:
నేను బ్యాటరీ కొన్నది ఫొటోలు తీయడానికి, భాగహారాలు చేయడానికి కాదు! ఒరిజినల్ ఒక్కటి కొనే డబ్బుతో ఇవి మూడు వచ్చాయి, రెండేళ్లుగా వాడుతున్నాను. ఒక్కొక్కటి 1600 అనుకున్నా మూడూ కలిస్తే 4800 అవుతుంది కదా?

నీలినీడ:
ఇంతసేపూ 2400 నిజమని వాదించి, ఇప్పుడు 1600 అయినా చాలంటున్నారు. వోల్టేజీ విషయంలో నేను పొరబడ్డానని ఒప్పుకుంటాను, కానీ నా కోపం వేరే చోట ఉంది. మీటరు పెట్టి పట్టుకోగలిగిన అంకెనే ఇంత పెంచి రాసినవాడు, అతిగా చార్జ్ కాకుండా ఆపే, ఎవరూ విప్పి చూడని ప్రొటెక్షన్ సర్క్యూట్‌ను మాత్రం నిజాయితీగా అమర్చాడని ఎలా నమ్మమంటారు?

సెలయేరు:
నమ్మమనలేదు. చార్జింగ్‌లో ఉన్నంతసేపూ దగ్గరే ఉంటాను, కాస్త ఉబ్బినట్టు కనిపించినా పారేస్తాను. మీరు లేబుల్‌ను నమ్మి వాడారు, నేను నమ్మకుండా వాడుతున్నాను.

నీలినీడ:
అంటే తయారుచేసినవాడు చేయవలసిన పరీక్షను కొన్నవాడే రోజూ చేయాలన్నమాట. ఆ శ్రమకు నేను సిద్ధంగా లేను.

మూడోకన్ను:
పాతకటకం గారూ, ఇంకొక్క మాట. కొన్ని బ్యాటరీల చిప్ కెమెరాకు సరైన సమాచారం ఇవ్వదు. తెరమీద 40 శాతం చూపుతూనే ఉన్నట్టుండి ఆగిపోవచ్చు. కొన్నా, మొదట ముఖ్యమైన పనికి తీసుకుపోకండి.

పాతకటకం:
వోల్టేజీ భయం తీరింది, 2400 మీద ఆశా తీరింది. ఒరిజినల్‌నే కొంటాను. సెలయేరు గారూ, మీ మీటరులో వాట్-అవర్లు కూడా కనిపిస్తాయా?

సెలయేరు:
కనిపిస్తాయి. కింది వరుసలో ఉన్న ఆ అంకెను నేనే ఎప్పుడూ చూడలేదు.