బరువుకి ఆపరేషన్ కాకుండా మనసు వైపు నుంచి వైద్యం ఎవరైనా చేయించుకున్నారా?

అందరికీ నమస్కారం. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా అక్కకి 36 ఏళ్లు, ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 96 కిలోలు. బీఎంఐ (ఎత్తుకి బరువు ఎంత ఉందో చూసే లెక్క) 38 దాటింది, షుగరూ మొదలైంది. డాక్టరుగారు స్లీవ్ ఆపరేషన్ చేయించుకోమన్నారు. పొట్టలో ముప్పావు వంతు తీసేస్తారని విన్నప్పటి నుంచి అక్కకి నిద్ర లేదు.

పగలు నలుగురిలో రెండు ముద్దలు తిని లేచిపోతుంది. రాత్రి అందరూ పడుకున్నాక వంటింట్లో లైటు వేయకుండా, నిలబడే, గిన్నెలో మిగిలిన అన్నం ఆవకాయతో గబగబా తినేస్తుంది. ఓసారి నేను చూశాను, కళ్లనిండా నీళ్లు. బావగారు గల్ఫ్ వెళ్లినప్పటి నుంచే ఇది. తిండియావ అంటే మాత్రం నేను ఒప్పుకోను.

ఇలా అదుపు తప్పి తినడాన్ని బింజ్ ఈటింగ్ అంటారట. కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీతో, అంటే మాట్లాడి ఆలోచనలూ అలవాట్లూ మార్చే వైద్యంతో, ఆ అలవాటు తగ్గుతుందని, ఏం తిన్నారో, అప్పుడు మనసెలా ఉందో రోజూ రాయిస్తారని చదివాను. బరువు మాత్రం కొద్దిగానే తగ్గవచ్చట.

కాకినాడ, రాజమండ్రి వైపు తెలుగులో ఈ థెరపీ చేసేవాళ్లు ఉన్నారా? ఎన్ని నెలలు పట్టింది, ఖర్చెంత? షుగరు ఉండగా ఆపరేషన్ కొన్నాళ్లు ఆపవచ్చని మీ డాక్టర్లు ఎవరికైనా చెప్పారా? దయచేసి మీ అనుభవం రాయండి.