నీట్‌లో 402 వచ్చాయి, మళ్ళీ ఏడాది లాంగ్ టర్మ్ కోచింగ్‌కి వెళ్ళాలా వద్దా?

సూర్యాపేట_బైపీసీ:

అందరికీ నమస్తే. 2025 నీట్ రిజల్ట్ వచ్చినప్పటి నుంచి ఇంట్లో రోజూ ఇదే పంచాయితీ, ఎవరికి తోచింది వాళ్ళు చెబుతున్నారు, అందుకే ఇక్కడ అడుగుతున్నా. నాకు 720కి 402 వచ్చాయి. బయాలజీ 298, కెమిస్ట్రీ 76, ఫిజిక్స్ 28. అవును, ఇరవై ఎనిమిదే, టైపింగ్ తప్పు కాదు. ఆలిండియా ర్యాంకు రెండు లక్షల దగ్గర. బీసీ-బి, తెలంగాణ లోకల్, ఇంటర్ హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి చదివా.

కాలేజీలో గ్రాండ్ టెస్ట్ పెడితే 540కి తగ్గేది కాదు. సీటు ఖాయం అన్నట్టే మాట్లాడేవారు మా సార్లు. మే 4న హాల్లో బయాలజీ అనుకున్నట్టే అయిపోయింది, కెమిస్ట్రీలో కొంచెం ఇరుక్కున్నా, ఫిజిక్స్‌కి వచ్చేసరికి నాలుగు దాటింది. మొదటి ప్రశ్న చదివా, కదల్లేదు. రెండోదీ అంతే. పేజీ తిప్పితే పెద్ద గోళంలోంచి చిన్న గోళం కోసేసిన బొమ్మ ఒకటి, దాన్నే చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలియదు. నా ముందు బెంచీ అమ్మాయి ఏడుస్తుంటే ఇన్విజిలేటర్ మేడమ్ వచ్చి వీపు నిమిరి వెళ్ళారు. అది చూశాక నాకూ చేతులు చల్లబడ్డాయి. చివర్లో ఏదో ఒకటి అని బబుల్స్ నింపేశా.

ఇప్పుడు ఒక కోచింగ్ వాళ్ళు రోజూ ఫోన్ చేస్తున్నారు, నెలాఖరులోగా చేరితే లాంగ్ టర్మ్ ఫీజులో పాతిక వేలు తగ్గిస్తారంట. హాస్టల్‌తో కలిపి లక్షన్నర పైమాటే. నాన్నది చిన్న కిరాణా షాపు, తమ్ముడు పదో తరగతికి వచ్చాడు. నాన్న "నువ్వు చదువుతానంటే కడతా" అంటారు, అమ్మ "మళ్ళీ ఏడాదా" అంటుంది, మా బావ జార్జియా వెళ్ళి ఎంబీబీఎస్ చదవమంటాడు. 402తో ఎక్కడైనా ఆశ ఉందా? లాంగ్ టర్మ్‌లో నిజంగా మార్కులు పెరుగుతాయా? వచ్చే ఏడాది కూడా ఇలాంటి పేపరే ఇస్తే నా గతేంటి?

మూడో_ఏడాది_ఎంబీబీఎస్:

చెల్లీ, ముందు ఆ 402ని పోయినేడాది లెక్కతో కొలవడం మానెయ్. 2024లో 17 మందికి 720కి 720 వచ్చాయి, 600 తెచ్చుకున్నవాళ్ళు కూడా ఎనభై వేల ర్యాంకు దగ్గర నిలబడి సీటు వస్తుందో రాదో తెలియక ఏడ్చారు. ఈసారి ఫస్ట్ ర్యాంకే 686. 650 దాటినవాళ్ళు దేశం మొత్తంలో వంద మంది కూడా లేరు. జనరల్ వాళ్ళకి క్వాలిఫైయింగ్ మార్కు 162 నుంచి 144కి దిగిపోయింది. అంటే ఆ మూడు గంటలు నీకొక్కదానికే కాదు, అందరికీ అలాగే గడిచాయి.

అందుకే వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే "పోయినేడాది ఇన్ని మార్కులకి సీటు వచ్చింది" లిస్టులు చూడకు, ఈసారికి అవి పనికిరావు. మార్కులు కాదు, ర్యాంకులు చూడు. కాళోజీ హెల్త్ యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో పాత అలాట్‌మెంట్ లిస్టులు ఉంటాయి, కాలేజీ వారీగా, కేటగిరీ వారీగా బీసీ-బి అమ్మాయిలకి చివరి ర్యాంకు ఎక్కడ ఆగిందో నువ్వే చూసుకో. నా అంచనా అడిగితే, గవర్నమెంట్ కాలేజీ కష్టం, ప్రైవేటులో కన్వీనర్ కోటా అంటే 'ఎ' కేటగిరీ, చివరి రౌండ్లలో అంచు మీద ఉంటావు. వస్తే ఏడాదికి 60 వేలు ట్యూషన్ ఫీజు, మీ నాన్న లాంగ్ టర్మ్‌కి కట్టేదానిలో సగం కూడా కాదు. మేనేజ్‌మెంట్ కోటా, అంటే 'బి' కేటగిరీ జోలికి మాత్రం పోకండి, అది ఏడాదికి పదకొండు లక్షల పైనే, ఆ మాట ఎవరైనా ఏజెంట్ మీ నాన్నకి చెబితే ఫోన్ పెట్టెయ్యమను.

కాబట్టి లాంగ్ టర్మ్ చేరినా చేరకపోయినా కౌన్సెలింగ్‌కి రిజిస్టర్ అవ్వాల్సిందే. నోటిఫికేషన్ ఇంకా రాలేదు కదా, ఈలోగా స్టడీ సర్టిఫికెట్లు, కుల ధ్రువీకరణ తీసి పెట్టుకో, ఎమ్మార్వో ఆఫీసులో ఎంత టైమ్ పడుతుందో తెలుసుగా. ఇంకో మాట, మళ్ళీ రాద్దామనుకునేవాళ్ళు ఆలిండియా కోటా స్ట్రే రౌండ్‌లో, అంటే మిగిలిపోయిన సీట్లకి పెట్టే ఆఖరి రౌండ్‌లో, ఊరికే ఆప్షన్లు పెట్టొద్దు. అందులో సీటు వచ్చి చేరకపోతే డిపాజిట్ పోవడమే కాదు, తర్వాతి ఏడాది పరీక్ష రాయనివ్వరు. రాష్ట్రం సీట్లలో కూడా చేరి, గడువు దాటాక వదిలేస్తే పెనాల్టీ ఉంటుంది. నోటిఫికేషన్ మొత్తం చదువు, బోరు కొట్టినా సరే.

నేనూ లాంగ్ టర్మ్ బ్యాచ్‌లోంచి వచ్చినవాడినే. మార్కులు పెరుగుతాయా అంటే, పెరుగుతాయి. అందరికీ కాదు.

నిజం_చెప్తా:

పేపర్ అందరికీ ఒకటే. 686 తెచ్చుకున్నవాడూ అదే పేపర్ రాశాడు. ఫిజిక్స్ రానప్పుడు పేపర్‌ని తిట్టి లాభం లేదు.

మూడో_ఏడాది_ఎంబీబీఎస్:

ఆ అమ్మాయి పేపర్‌ని ఎక్కడ తిట్టింది బ్రదర్? మళ్ళీ చదివి చూడు.

ఫిజిక్స్_మాస్టారు:

అమ్మా, ఇరవై ఏళ్ళకు పైగా బైపీసీ పిల్లలకే ఫిజిక్స్ చెబుతున్నాను, ఈ పేపర్ చూసి నేనే కాసేపు ఆగాను. అయినా ఒకటి చెప్పు, ఆ 28 ఎలా వచ్చింది? ఎన్ని రైటు, ఎన్ని తప్పు, ఎన్ని వదిలేశావు? ఓఎంఆర్ కాపీ, ఫైనల్ కీ పక్కపక్కన పెట్టుకుని లెక్క చూడు. ఇది తెలియకుండా లాంగ్ టర్మ్ వెళ్ళు, వద్దు అని ఎవరు చెప్పినా గాలిలో మాటే.

నువ్వు చెప్పిన గోళం లెక్క నాకు గుర్తుంది. 2ఆర్ వ్యాసార్థం ఉన్న గోళంలోంచి ఆర్ వ్యాసార్థం ఉన్న గోళం తీసేశారు, చిన్నదాని మొమెంట్ ఆఫ్ ఇనర్షియాకీ మిగిలినదాని మొమెంట్ ఆఫ్ ఇనర్షియాకీ నిష్పత్తి అడిగారు. వ్యాసార్థం సగమైతే ద్రవ్యరాశి ఎనిమిదో వంతు, దానికి పారలల్ యాక్సిస్ థీరమ్ వేస్తే 40లో 7 వస్తుంది, మొత్తం గోళానిది 40లో 64, తీసేస్తే మిగిలింది 57. సమాధానం 7:57. చూశావా, నాలుగు లైన్లు. కానీ ఆ థీరమ్ ఇప్పుడున్న ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో తీసేశారు, నేషనల్ మెడికల్ కమిషన్ (ఎన్‌ఎంసీ) ఇచ్చిన నీట్ సిలబస్‌లో మాత్రం ఉంది. "ఎన్‌సీఈఆర్‌టీ లైను లైను చదివితే చాలు" అనే మంత్రం బయాలజీకి సరే, ఫిజిక్స్‌కి అది పట్టుకుని కూర్చున్న పిల్లలు ఇలాంటి చోట ఆగిపోయారు.

ఇంకో సంగతి, పోయినేడాది వరకు సబ్జెక్టుకి సెక్షన్-బిలో పదిహేను ఇచ్చి పది రాస్తే చాలనేవారు, 200 నిమిషాల టైమ్. ఈసారి ఆ ఛాయిస్ పోయింది, 180 ప్రశ్నలకి 180 నిమిషాలు. మారిందని జనవరిలోనే చెప్పినా మన కాలేజీల గ్రాండ్ టెస్టులు చాలాచోట్ల పాత పేపర్లు అటూ ఇటూ తిప్పి ఇచ్చినవే. 540 అబద్ధం అనను, కానీ అది ఆ టెస్టుల్లో 540.

సూర్యాపేట_బైపీసీ:

సార్, చూశాను. ఫిజిక్స్‌లో 12 రైటు, 20 తప్పు, 13 వదిలేశా. కెమిస్ట్రీలో 12 తప్పు. బయాలజీలో 6.

ఫిజిక్స్_మాస్టారు:

రైటుకి నాలుగు, తప్పుకి మైనస్ ఒకటి కదా, ఆ 20 ముట్టుకోకపోతే 48 వచ్చేవి. కెమిస్ట్రీలో మరో 12. ఏమీ కొత్తగా చదవకుండా, చేతులు కట్టుకుని కూర్చున్నా 430 దాటేదానివి, ఈ ఏడాది ర్యాంకుల్లో అది వేల మందిని దాటడం. ఇప్పుడు ఒక పని చెయ్. అదే ఫిజిక్స్ పేపర్ తీసి, గడియారం చూడకుండా, పుస్తకం చూడకుండా, ఎన్ని రోజులైనా సరే 45 చెయ్. వచ్చినవి ఎన్ని, ఫార్ములా తెలిసీ లెక్క తప్పినవి ఎన్ని, అసలు ఏం అడిగారో అర్థం కానివి ఎన్ని, మూడు గీతలు గీసి రాయి.

అగ్రి_ఫైనలియర్:

అందరూ పద్ధతిగా చెబుతున్నారు, నేను రెండో వైపు చెబుతా. నేను లాంగ్ టర్మ్ చేశాను, సీటు రాలేదు, ఈఏపీసెట్ ర్యాంకుతో అగ్రికల్చర్‌లో చేరాను, ఇప్పుడు బాగానే ఉన్నాను. లాంగ్ టర్మ్ హాస్టల్ అంటే తెలుసు అనుకుంటావు కానీ ఇంటర్ హాస్టల్‌కీ దానికీ తేడా ఉంది. తెల్లారి స్టడీ అవర్, రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్, ఆదివారం టెస్ట్, సోమవారం పొద్దున మెస్ గోడ మీద ర్యాంకులు అంటిస్తారు, ఇడ్లీ ప్లేటు పట్టుకుని నీ పేరు ఎక్కడుందో వెతుక్కోవాలి. జులై, ఆగస్టు బాగానే గడుస్తాయి. దసరా సెలవులకి ఇంటికొచ్చేసరికి నీ క్లాస్‌మేట్స్ తెల్లకోటు వేసుకుని ఫొటోలు పెడతారు, అక్కడి నుంచి సంక్రాంతి దాకా అసలు కష్టం. మా రూమ్‌లో ఆరుగురం ఉంటే నవంబర్‌కి ఇద్దరు సర్దుకుని వెళ్ళిపోయారు.

వెళ్ళొద్దని కాదు. ఒక్క ఏడాదే అని ఇప్పుడే ఇంట్లో అందరి ముందూ చెప్పి వెళ్ళు. నీట్‌కి ఇన్నిసార్లే రాయాలని లెక్క లేదు, పై వయసు పరిమితీ లేదు, అందుకే చాలామందికి ఎక్కడ ఆగాలో తెలియదు. ఈసారి ఈఏపీసెట్ రాశావా? రాస్తే ఆ ర్యాంకు కార్డు చెత్తబుట్టలో వేయకు. అగ్రికల్చర్, ఫార్మ్-డీ, హార్టికల్చర్ అన్నీ దాని మీదే. డాక్టర్ కాలేకపోతే ఇంకేం లేదన్నట్టు మన బంధువులు మాట్లాడతారు, వాళ్ళ మాటకేం గానీ.

ఇద్దరు_పిల్లల_తల్లి_ఖమ్మం:

మా పాప ఇంటర్ విజయవాడలో చదివింది. 33వ నంబరు జీవోతో నాలుగేళ్ళు తెలంగాణలో చదివి ఉండాలంటున్నారు, ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, మేము ఎటూ కాకుండా ఉన్నాం. నువ్వు తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఇక్కడే చదివావు కాబట్టి నీకా బాధ లేదమ్మా, అదొక అదృష్టం అనుకో. జార్జియా సంగతి మేమూ విచారించాం. నీట్ క్వాలిఫై అయితే వెళ్ళొచ్చు, కానీ తిరిగొచ్చాక ఇక్కడ మళ్ళీ పరీక్ష పాసైతేనే ప్రాక్టీసు. మీ నాన్నగారికి షాపు మీద అప్పు పుట్టించి పంపేలాంటి పని కాదది, నా మట్టుకు.

సూర్యాపేట_బైపీసీ:

సార్ చెప్పినట్టు చేశాను. టైమ్ లేకుండా చేస్తే 26 వచ్చాయి. తొమ్మిది లెక్క మధ్యలో తప్పాను. పది అసలు అర్థం కాలేదు, అందులో ఎక్కువ రొటేషన్, వేవ్స్, ఆప్టిక్స్. మైక్రోస్కోప్ లెక్క మాత్రం ఇంట్లో రెండు నిమిషాల్లో వచ్చింది, హాల్లో ఎందుకు రాలేదో. అక్కా, ఈఏపీసెట్ రాశాను, ర్యాంకు పర్లేదు. అమ్మకి మీరు రాసింది చదివి వినిపించా, ఒక్క ఏడాదే అంటే సరే అంది. కోచింగ్ వాళ్ళు మళ్ళీ ఫోన్ చేశారు. రేపే ఆఖరు అంటున్నారు. నాన్న డబ్బు సర్దడానికి బజారుకి వెళ్ళారు. ఏం చేయమంటారు?

ఫిజిక్స్_మాస్టారు:

26 అంటే నీకు ఫిజిక్స్ రాకపోవడం కాదు తల్లీ, వేగం లేదు, ఆ తొమ్మిదీ చేతిలెక్కలు తప్పడం. నీలాంటి వాళ్ళకి లాంగ్ టర్మ్ పనికొస్తుంది. బయాలజీ 298 ఉన్న పిల్లని ఇంట్లో కూర్చోమని నేను చెప్పను. కానీ మళ్ళీ మొదటి చాప్టర్ నుంచి బయాలజీ పాఠాలు చెప్పే బ్యాచ్ నీకు దండగ. ఫిజిక్స్, కెమిస్ట్రీకి ఎక్కువ గంటలు ఇచ్చి, వారానికి ఒక టెస్టయినా కొత్తగా తయారు చేసిన పేపర్‌తో పెట్టేచోటు చూడు. వెళ్ళి వాళ్ళ పోయిన నెల టెస్ట్ పేపర్ చూపించమను. చూపించకపోతే బయటికి వచ్చెయ్.

ఇక "రేపే ఆఖరు" సంగతి. నాన్నకి ఇప్పుడే ఫోన్ చేసి ఆగమను. సీట్లు నిండవు, ఆగస్టులో కూడా చేర్చుకుంటారు, అడిగితే ఆ పాతిక వేలు అప్పుడూ తగ్గిస్తారు. మరీ భయమైతే రెండు మూడు వేలు అడ్వాన్స్ కట్టి, 'ఎ' కేటగిరీలో సీటు వస్తే డబ్బు వెనక్కి ఇస్తామని రసీదు మీద రాయించుకోమను. నోటిమాట కాదు, రసీదు మీద, స్టాంపుతో.

మూడో_ఏడాది_ఎంబీబీఎస్:

సార్ చెప్పింది కరెక్ట్. మా నాన్న కట్టినచోట మధ్యలో మానేసినవాళ్ళకి ఒక్క రూపాయి తిరిగివ్వలేదు, ఫీజు టర్మ్‌ల వారీగా కట్టినవాళ్ళే బతికిపోయారు. ఒకేసారి మొత్తం కట్టమంటే ఒప్పుకోవద్దు. చెల్లీ, ఆ అర్థం కాని పదింటి నంబర్లు ఇక్కడ పెట్టు, ఆదివారం కూర్చుని సొల్యూషన్స్ రాసి ఫొటో తీసి పెడతా.

సూర్యాపేట_బైపీసీ:

నాన్న దారిలోనే ఉన్నారు, వెనక్కి వచ్చేస్తున్నారు. నంబర్లు సాయంత్రం పెడతా అన్నా, నా పేపర్ కోడ్ ప్రకారం ఉంటాయి, మీ దగ్గరున్న పేపర్ కోడ్ ఏదో చెప్పండి.