చారిత్రక డిటెక్టివ్ నవలల్లో చరిత్ర ఎంత, రహస్యం ఎంత?

ప్రశ్న (చదువరి, ఎం.వి.పి. కాలనీ, విశాఖ):

మిత్రులకు నమస్కారం. ఈ మధ్య వరుసగా చారిత్రక నేపథ్యం ఉన్న ఆంగ్ల డిటెక్టివ్ నవలలు చదివాను. వాటిలో ముఖ్యమైనవి సుజాతా మాస్సీ ‘ది విడోస్ ఆఫ్ మలబార్ హిల్’ (2018), అబీర్ ముఖర్జీ ‘ఎ రైజింగ్ మ్యాన్’ (2016), సి.జె. శాన్సమ్ ‘డిసొల్యూషన్’ (2003). మూడింటినీ చదువుతున్నంతసేపూ కింద పెట్టబుద్ధి కాలేదు గాని, పూర్తయ్యాక ఒక సందేహం మిగిలింది. హంతకుడెవరో తెలిశాక పుస్తకాన్ని మళ్ళీ తెరవాలనిపించకపోతే, అందులోని చరిత్ర నాటకం వెనుక వేలాడదీసిన తెర మాత్రమేనా? ముఖర్జీ నవలలో 1919 నాటి కలకత్తాను ఇంగ్లండు నుంచి కొత్తగా దిగిన విండమ్ అనే పోలీసు అధికారి కళ్ళతో చూస్తాం. అతనికి ఏమీ తెలియదు కాబట్టి పక్కనున్నవారు అన్నీ విడమరిచి చెబుతుంటారు, అది చాలాచోట్ల నాకు పాఠం విన్నట్టే ఉంది. హిలరీ మాంటెల్ ‘బ్రింగ్ అప్ ది బాడీస్’ (2012) సంగతి వేరు. ఇంగ్లండు రాణి ఆన్ బొలీన్‌కు మరణశిక్ష తప్పదని మొదటి పుట నుంచే తెలిసినా ఊపిరి బిగపట్టి చదువుతాం. రహస్యమే లేని చోట అంత ఉత్కంఠ ఎలా నిలిచింది, రహస్యం ఉన్న చోట చరిత్ర ఎందుకు పలచబడింది? మీ అభిప్రాయం తెలపగలరు. హంతకుల పేర్లు మాత్రం దయచేసి బయటపెట్టవద్దు.

జవాబు (ఒక న్యాయవాది, మహారాణిపేట):

మీ ప్రశ్న సబబే గాని, మాస్సీ నవలను కూడా ఆ గాటన కట్టడం నాకు సమ్మతం కాదండీ. 1921 నాటి బొంబాయిలో ఒక మిల్లు యజమాని మరణిస్తాడు. పరదాలో ఉండే అతని ముగ్గురు భార్యలూ తమ ఆస్తిని ధర్మకార్యానికి వదులుకుంటున్నట్టు ఒక కాగితం తయారవుతుంది. తండ్రి కార్యాలయంలో వకీలుగా పనిచేసే పెర్వీన్ మిస్త్రీ దానిని పరిశీలిస్తే, ఒక సంతకం ఉండవలసిన చోట ఉత్త ఇంటూ గుర్తు కనిపిస్తుంది. చదవడం రాని మనిషి తానేమి వదులుకుంటున్నదో తెలిసే ఆ గుర్తు పెట్టిందా? ‘చదివి వినిపించగా విని’ అని రాసి వేలిముద్ర వేయించిన దస్తావేజులు మా వృత్తిలో ఇప్పటికీ ఎదురవుతాయి గనుక నేను ఆ పుట దగ్గర చాలాసేపు ఆగాను. మగ వకీలు ఆ స్త్రీల ఎదుటికి వెళ్ళలేడు, పెర్వీన్ వెళ్ళి అడగగలదు. ఆ కాలపు కట్టుబాటును తీసివేస్తే ఇక పరిశోధనే లేదు. 1904 నుంచి కోర్ట్ ఆఫ్ వార్డ్స్ (స్వయంగా చూసుకోలేని వారసుల ఎస్టేట్లను నిర్వహించే ప్రభుత్వ శాఖ) తరఫున పరదా స్త్రీల వ్యవహారాలు చూసిన కార్నీలియా సొరాబ్జీ జీవితం ఈ పాత్రకు ప్రేరణ కావడం వల్లనే ఇది ఇంత సహజంగా కుదిరిందనుకుంటాను. పెర్వీన్ గతాన్ని చెప్పే అధ్యాయాలు మాత్రం నడకను మందగింపజేశాయి.

జవాబు (సీతమ్మధార పాఠకురాలు):

ముఖర్జీ గురించి మీరు కొంచెం కఠినంగా మాట్లాడారనిపించింది. రౌలట్ చట్టం నాటి కలకత్తాలో, తన దేశస్థులను అణచే పోలీసు శాఖలోనే నౌకరీ చేస్తున్న విండమ్ సహాయకుడు సార్జెంట్ బెనర్జీ ఇరకాటం ఏ వివరణా అక్కరలేకుండానే మనకు అందుతుంది. అయితే కథ అతని నోట వింటే ఇంకా బాగుండేదన్న లోటు నాకూ ఉండేది, 2021లో వచ్చిన ‘ది షాడోస్ ఆఫ్ మెన్’లో అతనూ కథకుడై ఆ లోటు తీర్చాడు. ‘డిసొల్యూషన్’ను మళ్ళీ చదవాలనిపించదన్నారు, నేను చదివాను. మాంటెల్ కథానాయకుడు, ఎనిమిదో హెన్రీ రాజు మంత్రి అయిన థామస్ క్రామ్‌వెలే ఇక్కడ పరిశోధకుడైన వకీలు షార్డ్‌లేక్‌ను 1537లో మఠానికి పంపే యజమాని. రాజు క్రైస్తవ మఠాలను మూయించి ఆస్తులు స్వాధీనం చేసుకున్న ఆ మఠాల రద్దు వల్ల మేలు జరుగుతుందని మనసారా నమ్మి వెళ్ళిన ఆ గూని వకీలు నమ్మకం ఎక్కడ బీటవారిందో రెండోసారి చదివినప్పుడే నాకు స్పష్టంగా తెలిసింది.

జవాబు (భీమిలి నుంచి):

తెలుగులో ఈ రెండు దారులూ కలిసింది తక్కువ. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ తన కాలంలోనే తిరిగాడు, అడివి బాపిరాజు ‘గోన గన్నారెడ్డి’ వంటి చారిత్రక నవలలు వీరగాథల వైపు సాగాయి. న్యాయవాది గారి కొలబద్దతోనే చూస్తే మన ఊళ్ళోనే వస్తువు ఉంది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి, జనం ఇళ్ళు వదిలి పల్లెలకు తరలిపోయారు. అటువంటి రోజున ఒక హత్యను బాంబు ఖాతాలో రాసేయడం ఎంత సులువు! శవం మీద గాయం మరోలా ఉందని గమనించిన ఒక రేవు గుమాస్తా ఉంటే చాలు, తక్కినది రచయిత చూసుకుంటాడు.

చదువరి:

అందరికీ కృతజ్ఞతలు. ఇంటూ గుర్తు సంగతి నేను తొందరలో దాటేశాను, ఆ భాగం మళ్ళీ చదువుతాను. ఇప్పుడు షార్డ్‌లేక్ రెండో నవల ‘డార్క్ ఫైర్’ మొదలుపెట్టాను. అది 1540 నాటి కథ, అంటే క్రామ్‌వెల్ కూలిపోయిన సంవత్సరం. యజమాని గతి ముందే తెలిసిన పాఠకుడికి హత్య రహస్యం మీద ఆసక్తి నిలుస్తుందా అన్నది చదివినవారు ఎవరైనా చెప్పగలరా?